జియేరి తుపాకీలో ఎవరి బోల్టు?

“అంబులెన్స్ వద్దు, హెలికాప్టర్‌ని పిలవండి!” అని ఎవరో అరిచారు.

లదీనా అప్పటికే తడి చాప మీద మోకాళ్ళూని, జియేరి మొహానికి తువ్వాలు అదిమి పట్టుకుంది. నిమిషం క్రితం ఆ తువ్వాలు తెల్లగా ఉండేది.

“నా కన్ను ఉందా అమ్మాయ్?” అన్నాడు జియేరి. డెబ్బై ఏళ్ళ మనిషి, ఆ గొంతు మాత్రం చిన్నపిల్లాడిలా వణికింది.

“కళ్ళజోడు పెట్టుకున్నావుగా. ఉంటుంది. కదలకు.”

“మా ఆవిడ బార్లా పెట్టుకోమంది. లేకపోతే సూప్ పొయ్యనంది.”

“నోరు మూసుకో ముసలోడా” అంది పక్కనే కూలబడ్డ బార్లా. మొగుడి చెయ్యి మాత్రం వదల్లేదు.

సుర్వాల్ ఊరి పాత తుపాకుల పోటీ ఆ ఆదివారం ఉదయం పది గంటలకు మొదలైంది. పదీ ఇరవైకి ఆగిపోయింది. జియేరి పేల్చిన మూడో తూటా అడుగు చీలి, వేడి గ్యాసూ ఇత్తడి ముక్కలూ ముందుకు పోవాల్సింది పోయి అతని మొహం మీదికి వచ్చాయి. చాపల మీద బోర్లా పడుకున్న ముప్పై మంది లేచి నిలబడ్డారు. అందరూ మొదట జియేరిని చూశారు. తర్వాత లదీనాను చూశారు.

ఎందుకు చూడరు? ఆ లోయలో తాతల నాటి సైన్యం తుపాకీ లేని ఇల్లు లేదు. పగిలిన చెక్క అతికించాలన్నా, తుప్పు వదిలించాలన్నా అందరూ లదీనా కదూఫ్ వర్క్‌షాపుకే తెస్తారు. జియేరి తుపాకీని నిన్న పొద్దున్నే ఆమే చేతికిచ్చింది.

హెలికాప్టర్ చప్పుడు లోయలోకి దూరుతుండగా ఆమె ఆ తుపాకీని చేతిలోకి తీసుకుంది. అలవాటు కొద్దీ మొదట, తూటా వెనక తలుపులా మూసుకునే బోల్టును వెనక్కి లాగి బయటికి తీసింది. తీసి, దాని మీద చెక్కిన అంకెలు చూసింది.

482.

తుపాకీ మీద ఉన్నది 417.

ఏ తుపాకీ బోల్టు ఆ తుపాకీకే. ఫ్యాక్టరీలో కొలిచి, ఆ ఒక్కదానికే సరిపోయేలా చేసి, రెండింటి మీదా ఒకే నంబరు కొట్టారు. ఇంకోదాని బోల్టు పెడితే వెంట్రుకవాసి తేడా వస్తుంది. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఏమీ కాదు. పదోసారి ఇదిగో, ఇలా అవుతుంది.

నాలుగు వందల ఎనభై రెండు ఎవరిదో ఆమెకు చూసుకోనక్కర్లేకుండానే తెలుసు.

“ఫ్లురిన్ ఏడీ?” అంది లేచి.

క్లబ్బు అధ్యక్షుడు ఓట్మార్ మొహం చిట్లించాడు. “నన్నడుగుతావేం? నిన్న సాయంత్రం నా మొహాన చెప్పి పోయాడు, పై ఊరి జట్టులో కాలుస్తాట్ట. నలభై ఏళ్ళుగా మనం మాట్లాడని ఊరు అది! నీకూ వాడికీ ఏం గొడవో నీకే తెలియాలి.”

“పై ఊళ్ళో పోటీ ఎన్నింటికి?”

“పదకొండుకి. ఏం?”

జియేరి తుపాకీలో ఫ్లురిన్ బోల్టు ఉంటే, జియేరి బోల్టు ఫ్లురిన్ తుపాకీలో ఉంది.

ఆమె ఫోన్ తీసింది. ఫ్లురిన్ ఫోన్ ఆపేసి ఉంది. పై ఊరి షూటింగ్ రేంజిలో ఫోన్ గంట మోగింది, మోగింది, ఆగిపోయింది. చెవులకు మూతలు పెట్టుకుని చాపల మీద పడుకున్నవాళ్ళకు ఫోన్ ఏం వినిపిస్తుంది?

“మోగిస్తూనే ఉండు ఓట్మార్. నేను వెళ్తున్నా.”

“ఎక్కడికి? పోలీసులు వస్తున్నారు. ఇప్పుడు కారెక్కితే పారిపోయావనుకుంటారు. లైసెన్సు పోతుంది లదీనా!”

“పోతే పోనీ.”

కారు దగ్గర తండ్రి లూట్సి నిలబడి ఉన్నాడు. వణికే చేతులు జేబుల్లో దాచుకుని. ముప్పై ఏళ్ళు అదే వర్క్‌షాపు నడిపి, చూపు మందగించాక కూతురికి అప్పగించిన మనిషి.

“నాన్నా, శుక్రవారం నేను పోస్టాఫీసుకి వెళ్ళినప్పుడు రాక్‌లో నిలబెట్టిన తుపాకులు ముట్టుకున్నావా?”

“నేనా? లేదే.” ఆయన కొండవైపు చూశాడు. “నేను కాఫీ పెట్టుకున్నాను. అంతే.”

తండ్రికి అబద్ధం చెప్పడం రాదని ఆమెకు బాగా తెలుసు. నాన్న తుడుద్దామని బోల్టులు తీశాడు. మళ్ళీ పెట్టేటప్పుడు అంకెలు కనిపించలేదు. అంతే అయ్యుంటుంది.

ఆమె ఇంకేం అడగలేదు. కారు కదిలింది.

*

పై ఊరికి పదిహేడు మలుపులు. వాన సన్నగా మొదలైంది.

రెండో మలుపు దగ్గర ఆమె ఒక లెక్క వేసింది. జియేరి తుపాకీలో బోల్టు వదులైంది కాబట్టి, ఫ్లురిన్ తుపాకీలో బిగుసుకుంటుంది. చివరిదాకా మూసుకోదు. బుద్ధున్నవాడు ఆగిపోతాడు.

ఫ్లురిన్ ఆగడు. ఊరి బస్సు నడిపే ఆ మనిషి, తలుపు ఇరుక్కుంటే భుజంతో ఒక్క తోపు తోస్తాడు. బిగుసుకున్న మూత ఏదైనా అతని అరచేతి దెబ్బకు తెరుచుకోవాల్సిందే. బోల్టును కూడా అలాగే కొడతాడు. సగం మూసుకున్నదాన్ని మూసుకుందనుకుని ట్రిగ్గర్ నొక్కుతాడు. అప్పుడు బోల్టు మొత్తం వెనక్కి, అతని మొహం మీదికి...

ఆమె ఆ ఆలోచనను అక్కడే ఆపేసింది. నిన్నటి ఫ్లురిన్‌ను గుర్తు తెచ్చుకుంది. అదీ బాగాలేదు.

నిన్న పొద్దున అతను తుపాకీ కోసం వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. వాన చుక్కలు జుట్టులోంచి కారుతున్నాయి. అర నిమిషంలో అవ్వాల్సిన పనికి పావుగంట నిలబడ్డాడు.

“అంతా చూశావా?” అన్నాడు.

“చూశాను.”

“మడమ రేకు లోపల కూడా?”

తుపాకీ భుజానికి ఆనే చివర ఒక ఉక్కు రేకు ఉంటుంది. పాత సైనికులు దాని కింద తమ పేరు, ఊరు రాసిన చీటీ దాచేవాళ్ళు. ఏ తుపాకీ వచ్చినా లదీనా మొదట విప్పేది ఆ రేకునే. అలా దొరికిన చీటీలతో ఆమె దగ్గర ఒక ఆల్బమ్ ఉంది.

“లోపల కూడా చూశాను. పనికొచ్చేదేం లేదు.”

“పనికొచ్చేది... కాదా?”

“కాస్త చెత్త, కాస్త తుప్పు. తుడిచిపారేశాను.”

అతని మొహం తెల్లగా పాలిపోయింది. “సరే. అంత మాట అన్నాక ఇంకేం ఉంది. థాంక్స్” అని తుపాకీ భుజాన వేసుకుని వాన్లోకి నడిచాడు.

“ఏమైంది నీకు? తుప్పంటే కోపమా?” అని వెనకనుంచి అరిచింది. అతను తిరగలేదు. రెండేళ్ళుగా రోజూ బస్సు ఆపి మరీ ఆమెతో పోట్లాడే మనిషి, పోట్లాడకుండా వెళ్ళిపోయాడు. అది ఆమెను రాత్రంతా నిద్రపోనివ్వలేదు.

పదకొండో మలుపు తిరగ్గానే బ్రేకు తొక్కింది.

ఆవులు. దారి నిండా ఆవులు. మెడలో గంటలు, కొమ్ముల మధ్య పూలు. వేసవికి కొండమీది గడ్డికి వెళ్తున్నాయి. ముందు నడుస్తున్న ముసలి కాపరి కారును చూసి టోపీ తీశాడు కానీ అడుగు వేగం పెంచలేదు.

“పక్కకి తియ్యండి! ప్రాణం మీదికొచ్చింది!”

“పక్కన లోయ ఉందమ్మా. ఎక్కడికి తియ్యను?”

టైము పదకొండుకి ఆరు నిమిషాలు.

ఆమె కారు అక్కడే వదిలేసి, ఆవుల మధ్యలోంచి, గంటల మధ్యలోంచి పరిగెత్తింది. ఒక కొమ్ము మోచేతికి గీసుకుంది. మలుపుల దారి వదిలి నిట్టనిలువుగా గడ్డి మీద పైకి పాకింది. బూటు ఒకటి బురదలో ఉండిపోయింది. తుపాకుల చప్పుడు మొదలయ్యే ముందు రేంజి మీద ఒక నిశ్శబ్దం కమ్ముతుంది. ఆ నిశ్శబ్దం ఇప్పుడు ఆమెకు వినిపిస్తోంది.

తర్వాత మొదటి తూటా పేలింది.

ఆగి విన్నది. అరుపులు లేవు. రెండో తూటా. మూడోది. ఎవరూ అరవలేదు. మళ్ళీ పరిగెత్తింది.

పైకప్పు కింద వరుసగా పన్నెండు చాపలు. చివరి చాప మీద ఆ వెడల్పాటి భుజాలు. ఫ్లురిన్ మోచేతి మీద లేచి, బోల్టు వైపు విసుగ్గా చూస్తున్నాడు. అరచేయి ఎత్తి ఒక దెబ్బ కొట్టాడు. బోల్టు కాస్త ముందుకు జరిగింది. రెండో దెబ్బ. ఇంకాస్త జరిగింది.

“ఫ్లురిన్!”

చెవులకు మూతలు. వినపడలేదు. మూడో దెబ్బకు చెయ్యెత్తాడు.

లదీనా అతని మీదుగా పడి, బోల్టు వెనక తన అరచేయి అడ్డం పెట్టింది. దెబ్బ ఆ చేతి మీద పడింది.

“పిచ్చా నీకు!” అతను మూతలు లాగేశాడు. “చెయ్యి విరిగేది! ఏంటి లదీనా ఇది, అందరి ముందూ... ఒక బూటేది?”

“ముందు చెయ్యి తియ్యి. ట్రిగ్గర్ మీద నుంచి వేలు తియ్యి. నెమ్మదిగా.”

ఆమె గొంతు విని అతను వేలు తీశాడు. ఆమె బోల్టు లాగి, తూటా బయటికి తీసి, ఆ బోల్టును అతని కళ్ళ ముందు పెట్టింది.

417.

“ఇది మీ మామయ్య జియేరిది. నీది ఆయన తుపాకీలో ఉంది. ఆయనది ముప్పావుగంట క్రితం మొహం మీద పేలింది.”

అతను ఆ అంకెల వైపు చూశాడు. చూసి, ఇంకా చూస్తూనే ఉన్నాడు. చచ్చి బతికినవాడి మొహం అలాగే ఉంటుందనుకుంది ఆమె.

“మామయ్య బతికే ఉన్నాడా?”

“ఉన్నాడు. కన్ను సంగతి తెలీదు.”



*

పై ఊరివాళ్ళు జీపిచ్చారు. నలభై ఏళ్ళ పంతాన్ని పక్కన పెట్టి, ఒక జత బూట్లు కూడా ఇచ్చారు. ఆమె కుడి చెయ్యి ఉబ్బిపోవడంతో ఫ్లురిన్ నడిపాడు. బస్సు నడిపేటప్పుడు ఈలలు వేసే మనిషి ఐదు మలుపుల దాకా నోరు తెరవలేదు.

“మాట్లాడు” అందామె. “తిట్టు. నా వర్క్‌షాపులోనే మారాయి. ఆ రెండూ పక్కపక్కన రాక్‌లో ఉన్నాయి.”

“నిన్ను తిట్టను.”

“మరి ఎవర్ని తిడతావు?”

ఇంకో మలుపు దాటాక, “నా తుపాకీ మడమ రేకు ఎప్పుడు విప్పావు?” అన్నాడు.

“ఇప్పుడదా గొడవ?”

“ఎప్పుడు లదీనా?”

“గురువారం. ఎందుకు?”

జీపు కుదుపుతో ఆగింది. అతను స్టీరింగ్ మీద తల ఆనించాడు. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఆమెకు తెలియలేదు.

“గురువారమా! గురువారం... శనివారం కాదా?”

“శనివారం విప్పలేదు. ఫ్లురిన్, నాకు భయమేస్తోంది. ఏంటిది?”

“నాకూ భయమే” అని అతను తల ఎత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “కింద అత్తయ్య ఉంటుందా?”

“ఉంటుంది. హెలికాప్టర్లో ఆమెకి చోటు లేదు.”

“సరే” అని అతను గేరు వేశాడు. ఆ “సరే” ఉరికంబం ఎక్కేవాడి “సరే”లా వినిపించింది.

*

పోలీసు అధికారిణి సూటర్ పట్నం నుంచి వచ్చింది. పొడుగ్గా, పొడిగా మాట్లాడే మనిషి. క్లబ్బు గది మధ్య బల్ల మీద జియేరి తుపాకీ. చుట్టూ ఊరు ఊరంతా. మూల కుర్చీలో బార్లా ఫోన్ ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూస్తోంది. ఆసుపత్రి నుంచి ఇంకా కబురు రాలేదు.

“మీరు సంఘటన జరిగిన చోటు వదిలి వెళ్ళారు” అంది సూటర్.

“ఇంకో మనిషి చావకుండా వెళ్ళాను.” లదీనా రెండో తుపాకీ బల్ల మీద పెట్టింది. “రెండు బోల్టులు తారుమారయ్యాయి. నా వర్క్‌షాపులో.”

“ఎవరు మార్చారు?”

గది చివర లూట్సి నిలబడి ఉన్నాడు. పెదాలు ఏదో చెప్పబోయి ఆగాయి. లదీనా ఆయన వైపు చూడలేదు.

“అక్కడ నేను తప్ప ఎవరూ పని చెయ్యరు. నా పేరు రాసుకోండి.”

“ఆలోచించి చెప్పండి. మీ పేరు రాస్తే లైసెన్సు ఈరోజే తీసుకోవాలి. వర్క్‌షాపుకి తాళం వేస్తాం.”

“తెలుసు.”

“రాయొద్దు!” లూట్సి గొంతు చీలింది. “నేను మాటిచ్చాను, చెప్పనని. కానీ... ఒరేయ్ ఫ్లురిన్, ఇంకా ఎంతసేపు నన్నిలా నిలబెడతావురా?”

అందరూ ఇటు తిరిగారు. ఫ్లురిన్ ముందుకొచ్చాడు. “ఒక స్క్రూడ్రైవర్ ఇవ్వండి” అన్నాడు.

ఎవరో ఇచ్చారు. తన తుపాకీ మడమ రేకు రెండు మరలు విప్పేసరికి స్క్రూడ్రైవర్ నాలుగుసార్లు జారింది. ఉక్కు రేకు ఊడింది. చెక్కలోని తొర్రలోంచి మడత పెట్టిన చీటీ ఒకటి తీసి సూటర్ చేతిలో పెట్టాడు.

“గట్టిగా చదవండి.”

సూటర్ గొంతులో ఏ మార్పూ లేదు. కారు నంబరు చదివినట్టు చదివింది.

“డెరుంగ్స్ ఫ్లురిన్, బస్సు డ్రైవరు, సుర్వాల్. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండున్నర. ఈ రేకు విప్పే అమ్మాయికి. నాకు మాట్లాడ్డం రాదు, మాట్లాడితే గొడవవుతుంది, అందుకే రాస్తున్నాను. నీతోనే బతకాలని ఉంది. ఇష్టమైతే ఆదివారం నా పక్క చాప మీద నుంచి కాల్చు. ఇష్టం లేకపోతే ఏమీ అనకు. నాకర్థమవుతుంది.” ఆమె చీటీ దించింది. “సంతకం ఉంది.”



లదీనాకు తన మాటే గుర్తొచ్చింది. కాస్త చెత్త, కాస్త తుప్పు. తుడిచిపారేశాను. దేవుడా, ఈ మనిషి మొహం మీద ఆ మాట అన్నాను.

“శనివారం నాకిచ్చే ముందు ఇంకోసారి విప్పి చూస్తావనుకున్నాను” అన్నాడతను, ఆమెతోనే మాట్లాడుతున్నట్టు. “రాక్‌లో రెండు తుపాకులున్నాయి. చెక్కకి నువ్వు నూనె పెట్టాక రెండూ ఒక్కలాగే ఉన్నాయి. ఏది నాదో తెలియలేదు. తుపాకీ ముట్టుకుంటే ముందు బోల్టు తియ్యాలిగా. చిన్నప్పటి నుంచి మామయ్య నేర్పింది అదే. రెండింటివీ తీసి గుడ్డ మీద పెట్టాను.”

“అప్పుడే నేను, అమ్మాయి కారు వచ్చేస్తోందిరా అన్నాను” అని లూట్సి మొహం చేతుల్లో దాచుకున్నాడు. “నేనే తొందరపెట్టాను. అంకెలు చూడకుండానే పెట్టేశాడు. చెప్పొద్దన్నాడు. పెళ్ళి మాట కదా, పాడుచెయ్యకూడదనుకున్నాను.”

బార్లా ఒళ్ళో ఫోన్ మోగింది.

ఆమె దాన్ని ఎత్తడానికి భయపడింది. మూడుసార్లు మోగాక ఎత్తింది. “ఊఁ” అంది. చాలాసేపు విన్నది. “ఊఁ” అంది మళ్ళీ. ఫోన్ పెట్టేసింది.

“కన్ను దక్కింది” అంది. “చెంపకి పదకొండు కుట్లు. సూప్ అడుగుతున్నాట్ట.”

ఊపిరి వదిలిన చప్పుడు గదంతా వినిపించింది. కానీ బార్లా నవ్వలేదు. లేచి, నెమ్మదిగా నడిచి, మేనల్లుడి ఎదురుగా నిలబడింది. అతని ఛాతీ దాకా కూడా రాదు ఆమె.

“చీటీ కథ విన్నాను. తుపాకీ కథ విన్నాను. నాకు కథ వద్దు. నా మొగుడి మొహం కాలింది. ఎవరు చేశారో పేరు పెట్టి, గట్టిగా, నా కళ్ళలోకి చూసి చెప్పు.”

ఫ్లురిన్ నోరు తెరిచాడు. మాట రాలేదు.

లదీనా అతని పక్కకు వచ్చి నిలబడింది. ఉబ్బిన చెయ్యి అతని చేతిలో పెట్టింది. నొప్పి మోచేతి దాకా పాకింది, అయినా తియ్యలేదు.

“చెప్పు” అంది మెల్లిగా. “నేనిక్కడే ఉన్నా. ఎక్కడికీ పోను.”

“నేను, అత్తయ్యా” అన్నాడు. తర్వాత ఇంకా గట్టిగా, కిటికీ దాకా వినిపించేలా, “బోల్టులు మార్చింది నేను. ఫ్లురిన్ డెరుంగ్స్.”

సూటర్ కలం కదిలింది.

“ఆగండి, వాక్యం పూర్తి కాలేదు” అంది లదీనా. “తుపాకీ చేతికిచ్చే ముందు రెండు నంబర్లూ కలిశాయో లేదో చూడాల్సింది నేను. రోజూ చూస్తాను. శనివారం చూడలేదు. ఇతను గుమ్మంలో తడుస్తూ నిలబడ్డాడు, నా కళ్ళు బోల్టు మీద నిలవలేదు.” గది మొత్తం వింటోందని తెలిసీ ఆమె ఆపలేదు. “మార్చింది ఫ్లురిన్ డెరుంగ్స్. చూడకుండా ఇచ్చింది లదీనా కదూఫ్. రెండు పేర్లూ రాయండి. ఒకే కాగితం మీద, పక్కపక్కన.”